చుట్టుగుడ్డ మందం

ఐదో నెల, రెండో తేదీ

వాన పట్టుకుని ఆరు రోజులు. బియ్యానికి బూజు, చెప్పులకి బూజు, గోడలకి బూజు. ఎదురింటి ముసలాయనకి కూడా పట్టే ఉంటుంది, వెళ్ళి చూడలేదు. సూజౌ ఊరంతా ఈ వానని తిట్టుకుంటుంది, మా ఇల్లు తప్ప. లక్క ఎండకి ఆరదు, తేమకి ఆరుతుంది. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఈ లూ వారింటికి కోడలిగా వచ్చి ఆ మాట విన్నప్పుడు వీళ్ళకి మతి లేదనుకున్నాను. ఇప్పుడు వాన రాకపోతే ఆకాశాన్ని నిలదీసేది నేనే.

పెట్టె చెక్కడం పూర్తయింది. రాజధానిలో అంతఃపురపు పూజామందిరానికి వెళ్ళే పెట్టె. బౌద్ధుల భైషజ్యగురు సూత్రం ఒక్క గ్రంథం పడుకునే పెట్టె. మూర పొడవు. కిందటేడు పదో నెలలో చెక్క మీద గుడ్డ అంటించి మొదలుపెట్టాడు మా అబ్బాయి బొయెన్. ఎర్రటి ఇంగిలీకం కలిపిన లక్క తొంభై ఆరు పూతలు వేశాడు. ఒకటి ఆరాక ఒకటి. ఆ తర్వాత రెండు నెలలు కత్తి పట్టాడు. మూత మీద తామర తీగ, తీగ మధ్య శంఖం, చక్రం, గొడుగు, చేపల జంట. ఆ గొడుగు అంచులు వేలితో తడిమి చూశాను. వాడి తండ్రి బతికుండగా ఎన్నడూ ఇలా చెక్కలేదు. ఈ మాట బొయెన్‌తో అనలేదు. అంటే రేపటి నుంచి మధ్యాహ్నం నిద్రపోతాడు.

మూత మీద సూత్రం పేరు కూడా చెక్కాడు. అతికించిన కాగితాన్ని బట్టి గీత పోకుండా చెక్కుతాడు కానీ, అదేమిటో చదవలేడు. మా ఇంట్లో చదివేది నేను. మా నాన్న బడిపంతులు, కొడుకులు లేక విసుగొచ్చి నాకు చెప్పాడు. సర్కారు కచేరీ నుంచి వచ్చే ఉత్తరాలు నేనే చదవాలి. ఈ సందులో అందరి ఉత్తరాలూ నేనే చదవాలి. చచ్చినవాళ్ళు, పుట్టినవాళ్ళు, అలిగినవాళ్ళు, అందరూ ముందు నాకు తెలుస్తారు.

సిరా చేసేవాళ్ళకి సిగ్గు పోయింది. మసి తగ్గించి జిగురు పెంచుతున్నారు. రాసింది రాసినట్టే వెలిసిపోతోంది.

కోడలు సాంగ్‌యె మళ్ళీ చేపకి ముళ్ళన్నీ ఏరి పెట్టింది. నేనేమైనా పళ్ళు రాని పిల్లనా అన్నాను. ఈ చేపకి ముళ్ళు ఎక్కువ అత్తయ్యా అంది. చెరువు గట్టు పల్లె నుంచి వచ్చిన మనిషి చేప మీద నింద మోపడం వినడం ఇదే మొదటిసారి.


ఐదో తేదీ

పండగ. సాంగ్‌యె ఆకుల్లో జిగురుబియ్యం ముద్దలు చుట్టింది, డెబ్భై. ఆమె చుట్టినవి ఉడుకుతుంటే ఒక్క గింజ బయటికి రాదు. మా మనవరాలు అబావో నాలుగు తిని కడుపు పట్టుకుంది. నేను మూడు తిని పట్టుకోలేదు. దేవుడికి దణ్ణం.


ఏడో తేదీ

పెట్టె లోపలి నలుపుకి మెరుగు పెట్టాను. ఈ ఇంట్లో బయటి ఎరుపు మగవాళ్ళది, లోపలి నలుపు నాది. నువ్వుల నూనె ఒక చుక్క, మెత్తటి బూడిద చిటికెడు, ఆపైన అరచెయ్యి. గుడ్డ పనికిరాదు, గుడ్డకి పోగులుంటాయి. అరచెయ్యి వేడెక్కే దాకా, లక్క వేడెక్కే దాకా తోయాలి. తోసి తోసి నా చేతిలో గీతలు అరిగిపోయాయి. జోస్యం చెప్పేవాడు ఒకడు నా చెయ్యి చూసి ఏమీ చెప్పలేక వెళ్ళిపోయాడు. అందుకు వాడికి ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

రేపు కచేరీ నుంచి ఫెంగ్ గుమాస్తా గ్రంథానికి వేసే చుట్టుగుడ్డ తెస్తాడు. అసలు గ్రంథం రాజధానిలోనే ఉంటుంది. మా దగ్గర ఉన్నది దాని కొలతకి కోసి పంపిన చెక్క దిమ్మ. దానికి గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టి, మూత వేసి చూపించాలి. అంతే. ఇరవయ్యో తేదీ పడవకి పెట్టె బయల్దేరుతుంది.


ఎనిమిదో తేదీ, పొద్దున

ఫెంగ్ గుమాస్తా వచ్చాడు. మంచి మనిషి, తన ముక్కు తనకే బరువైనట్టు నడుస్తాడు. చుట్టుగుడ్డ పసుపు జరీ పట్టు, కింద అస్తరు, మధ్యలో పల్చగా పట్టుదూది. దిమ్మకి పద్ధతిగా చుట్టాడు. నాలుగు మూలలూ మధ్యకి మడిచి, పట్టీ కట్టి, పెట్టెలో పెట్టబోయాడు.

దిగలేదు.

మరోసారి చుట్టాడు. దిగలేదు. బొయెన్ చుట్టాడు. సగం దిగి బిగుసుకుంది. వెడల్పులో చాలదు, లోతులో చాలదు. వడ్లగింజంత తేడా. ఆ గింజ కోసం తొంభై ఆరు పూతలు, ఏడు నెలలు.

గుమాస్తా కొలత ఉత్తరం అడిగాడు. నా సొరుగులోంచి తెచ్చి ఇచ్చాను. కళ్ళు మూసుకుని అప్పజెప్పాను కూడా: దిమ్మ కొలతే కొలత, పెట్టె దానికి సరిగ్గా కూర్చోవాలి. గుమాస్తా వినలేదు. కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, పక్క అంచున సన్నగా రాసింది పైకి చదివాడు. ఈ దిమ్మ గ్రంథం మాత్రమే, చుట్టుగుడ్డ కోసం నాలుగు వైపులా, పైనా వడ్లగింజ మందం వదలాలి.


ఎనిమిదో తేదీ, సాయంత్రం

ఆ అంచున అక్షరాలున్నాయని నాకు తెలియదు. ఏదో మరక అనుకున్నాను. నిజం రాయాలంటే, మరక కూడా అనుకోలేదు. అక్కడేమీ లేదు నాకు. మధ్యనున్న పెద్ద అక్షరాలే ఎండలో ముక్కుకి ఆనించుకుని, గీత గీతా కూడదీసుకుని చదివాను.

గుళ్ళవాళ్ళు దిమ్మని పాత గుడ్డలో చుట్టే పంపుతారు. చుట్టిన దానికే మేం కొలత తీస్తాం. నలభై ఏళ్ళుగా అదే అలవాటు. కచేరీ వాళ్ళు బట్టల్లేకుండా పంపుతారని మా ఇంట్లో ఎవరికి తడుతుంది. కానీ వాళ్ళు రాసి మరీ పంపారు.

అమ్మ చదివి చెప్పింది, నేనే మరిచిపోయాను అన్నాడు బొయెన్ గుమాస్తాతో. నా కళ్ళ ముందే అన్నాడు. కళ్ళ ముందు అని రాస్తున్నాను చూడు.

మరిచిపోవడమంటే సర్కారు పని మీద అశ్రద్ధ అన్నాడు గుమాస్తా. ఇరవై బెత్తం దెబ్బలు, పనివాళ్ళ పట్టీలోంచి ఇంటి పేరు తీసివేత. తన చేతిలో ఏమీ లేదన్నాడు. పెట్టె ఇరవయ్యో తేదీకి బాగుపడకపోతే పైకి రాయాల్సి వస్తుందన్నాడు. టీ తాగకుండా వెళ్ళాడు.

నేను గదిలోనే ఉన్నాను. నా నోరు ఈ సందు చివరి వంతెన దాకా వినిపిస్తుందని పేరు. ఈ రోజు లేవలేదు.


తొమ్మిదో తేదీ

ఏమీ చెప్పలేదు.


పదో తేదీ

ఈ రోజు కూడా. బొయెన్ పెట్టె ముందు కూర్చున్నాడు. చేతిలో కత్తి లేదు.


పదకొండో తేదీ

పొద్దున సాంగ్‌యె నాకు తల దువ్వుతూ, అత్తయ్యా, మీకు కనబడదని నాకు రెండేళ్ళ నుంచి తెలుసు అంది.

ఎవరు చెప్పారు అన్నాను, దొంగ అడిగినట్టు.

మీ సూది అంది. నేను సూదికి దారం ఎక్కించకుండా, ఎక్కించి ఉన్న సూది కోసం వెతకడం చూసిందట. ఆ మర్నాటి నుంచి తెల్లారే లోపల పది సూదులకి దారాలు ఎక్కించి దిండుకి గుచ్చి పెడుతోంది. నేను దాన్ని దుబారా అని రాసుకున్నాను, కిందటేడు మూడో నెలలో. వాకిలి మెట్ల అంచులకి సున్నం పూసింది. పల్లెటూరి సోకు అన్నాను. నా అన్నం నల్ల గిన్నెలో, నా టీ తెల్ల గిన్నెలో. ఇంట్లో సరిజోడు గిన్నెలే లేనట్టు అని నలుగురిలో అన్నాను. చేప సంగతి వేరే రాయక్కర్లేదు.

మరి నాతో ఎందుకు అనలేదు అన్నాను.

అంటే మీరు ఉత్తరాలు చదవడం మానేస్తారు అంది. మానేస్తే మీరెలా ఉంటారోనని నాకు భయం వేసింది. చదువు రాని ఇంట్లో మీరొక్కరే కదా పేపంచం, అంది. ప్రపంచం అను అన్నాను. మీరు దిద్దుతుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది అంది.

ఆ తర్వాత దువ్వెన ఆపి మరో మాట చెప్పింది. ఉత్తరం వచ్చిన రోజు అంచున చీమల్లాంటివి ఆమె చూసిందట. అత్తయ్య వాటిని కూడా చదివే ఉంటారులే అనుకుందట. మూడు రోజులుగా తిండి సహించడం లేదట.

ఆమెకి కనిపించింది, చదవడం రాదు. నాకు చదవడం వచ్చు, కనిపించలేదు. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఉంటే ఒక మనిషయ్యేవాళ్ళం.

ఏడవలేదు. తల తిప్పుకున్నాను, జడ చెదిరింది, మళ్ళీ దువ్వించుకున్నాను. ఆమెకి ఆ పని ఇష్టమని ఈ రోజే అర్థమైంది.

గుడ్డ సంగతి అడిగాను. ఆమె దగ్గర ఉపాయం ఉంది. కానీ దానికి చుట్టుగుడ్డ అస్తరు విప్పాలి. సర్కారు గుడ్డ మీద సూది పెట్టాలంటే గుమాస్తా ఒప్పుకోవాలి. మరిచిపోయానన్న మనిషి మాట మీద అతను ఒప్పుకోడు. ఎవరి తప్పో, ఎలాంటి తప్పో తెలిస్తే ఒప్పుకోవచ్చు.

కాబట్టి ఎవరు వెళ్ళాలో తెలుస్తూనే ఉంది.


పన్నెండో తేదీ

పడవ ఎక్కి కచేరీకి వెళ్ళాం, నేనూ సాంగ్‌యె. బొయెన్‌కి గుడికని చెప్పాం.

ఫెంగ్ గుమాస్తా ముందు కూర్చుని చెప్పేశాను. మా వాడు మరిచిపోలేదు, నేను చదవలేదు, నాకు కనబడలేదు. రెండేళ్ళుగా కనబడటం లేదు. మా వాడికి తెలియదు.

నమ్మలేదు. కొడుకుని కాపాడుకోవడానికి వచ్చారు పెద్దమ్మగారూ, అన్నాడు. సరే, నా బల్ల మీద ఏముందో చెప్పండి అన్నాడు.

పని అయితే లేదు అన్నాను.

పక్క గదిలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. నా ముఖం దగ్గరికి ఏదో తెచ్చాడు, గాలి తగిలింది. ఇదేమిటి అన్నాడు. తెల్లగా ఉంది, మీ చెయ్యి అయితే కడుక్కోవాలి, కాగితం అయితే చదవలేను అన్నాను. కాగితమట. అది నా పేరున రాసిన రసీదట, నా కళ్ళకి జానెడు దూరంలో ఉందట.

అప్పుడు గొంతు మారింది. చూపు లేని మనిషి చేత సర్కారు ఉత్తరం చదివించడం ఇంకా పెద్ద తప్పు కదా అన్నాడు. వాళ్ళు చదివించలేదు బాబూ, నేను లాక్కున్నాను అన్నాను. ఇంట్లో నేను చేసే పని అదొక్కటే అన్నాను. ఈ చివరి మాట అనాలని అనుకోలేదు.

చాలాసేపు ఏదో సర్దాడు. ఆపైన చెప్పాడు: అస్తరు విప్పుకోండి, పై పట్టు మీద సూది మొన పడకూడదు. ఇరవయ్యో తేదీన గుడ్డతో సహా మూత పడితే ఆ ఉత్తరం అంచున ఏముందో రాజధానిలో ఎవరికీ అక్కర్లేదు. పడకపోతే మాత్రం నేను రాయక తప్పదు. ఇంకొకటి. ఇకమీదట మీ ఇంటికి వచ్చే ఉత్తరం కచేరీ మనిషి వచ్చి చదువుతాడు. మీరు చదవకూడదు. ఆ మాట రాసి నా చేత ముద్ర వేయించుకున్నాడు.

ముద్ర ఎక్కడ వెయ్యాలో సాంగ్‌యె నా చెయ్యి పట్టుకుని చూపించింది. కాగితం తడిసి ఉందేమో, సిరా పాకిందేమో నాకు తెలియదు.

తిరిగి వస్తుంటే పడవలో ఆమె ఏడ్చింది. నీకేమైంది అన్నాను. ఏమీ లేదు, మీరు బాగా మాట్లాడారు అంది. నలభై ఎనిమిదేళ్ళుగా బాగానే మాట్లాడుతున్నాను, ఇప్పటికి గమనించావా అన్నాను.


పదమూడో తేదీ

బొయెన్‌కి చెప్పాం. తర్వాత వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, అమ్మా, నేను చెక్కిన గొడుగు నువ్వు చూడనే లేదా అన్నాడు. ఇరవై దెబ్బల గురించి కాదు, పేరు గురించి కాదు, వాడి బాధ అది.

చూశాను అన్నాను. నా వేలు పట్టుకుని మూత మీద పెట్టాడు. గొడుగు అంచు కుచ్చులు ఎన్ని అన్నాడు. పదకొండు అన్నాను. మూడోది మిగతావాటి కంటే పల్చన, అక్కడ నీకు ఆకలేసి ఉంటుంది అన్నాను. నిజమే అన్నాడు. ఆ వేళకి ఆకలేసిందట.

ఇంత మంచి పిల్లాడు నాకెలా పుట్టాడో. తండ్రి పోలిక అయి ఉంటుంది, పాపం ఆయన్ని కూడా తిట్టేదాన్ని.


పదిహేనో తేదీ

పని నడుస్తోంది. బొయెన్ పెట్టె లోపలి నలుపుని గీకాడు. పూర్తిగా కాదు, చెక్కకి అంటించిన గుడ్డ తగిలే ముందు ఆగాడు. చెవి పెట్టి వింటూ గీకుతాడు. గుడ్డ దగ్గరికి వస్తే కత్తి చప్పుడు పొడిగా మారుతుంది. వెంట్రుక మందం దొరికింది. దాని మీద ఒక్క పూత నల్ల లక్క పల్చగా వేశాడు. తేమ గదిలో పెట్టాం. ఎండాకాలమైతే ఇది ఆరేసరికి పడవ రాజధాని చేరేది. వాన ఆగకుండా కురుస్తోంది. దానికి నేను లేచి నిలబడి దణ్ణం పెట్టాను. అబావో కూడా పెట్టింది, ఎందుకో తెలియక.

సాంగ్‌యె అస్తరు విప్పింది. పట్టుదూది తీసింది. ఒక్క పొర పట్టు మిగిలింది, అంచులు వెనక్కి మడిచి, పై పోగు తగలకుండా కుట్టింది. కుట్టు నేను వేలితో వెతికాను. దొరకలేదు.

సందులో అందరికీ తెలిసిపోయింది. పక్కింటావిడ కొడుకు ఉత్తరం వస్తే మందుల కొట్టు ఆయన దగ్గరికి పట్టుకెళ్ళింది. మా గుమ్మం దాటేటప్పుడు అడుగులు మెల్లగా వేసింది. విన్నాను. వినడానికి నాకేం లోటు.


పదిహేడో తేదీ

తెల్లారినప్పటి నుంచి మెరుగు. అరచెయ్యి మండుతోంది. ఈ పనికి కళ్ళు అక్కర్లేదని ఇన్నాళ్ళూ ఎందుకు గుర్తు రాలేదో.


పంతొమ్మిదో తేదీ

ఫెంగ్ గుమాస్తా ఒక రోజు ముందే వచ్చాడు. తొందరేమీ లేదు, ఇటు వెళ్తూ వచ్చానన్నాడు. ఇటు వెళ్తే కాలవ తప్ప ఏమీ లేదు.

సాంగ్‌యె చేతులు కడుక్కుని దిమ్మ ముందు కూర్చుంది. పద్ధతిగా మడవండి అన్నాడు గుమాస్తా, మూలలు మధ్యకి. ఆమె తల ఊపి, మూలలు మధ్యకి తేలేదు.

ఆ మడత సంగతి నాకు బొయెన్ తర్వాత చెప్పాడు. మూలలు మధ్యకి వస్తే పైన నాలుగు పొరలు, పక్కన రెండు. ఆమె గుడ్డని కొసలకి తీసుకెళ్ళింది, జిగురుబియ్యం ముద్దకి ఆకు మడిచినట్టు. పైనా కిందా పక్కలా ఒకే ఒక్క పొర. మడతలన్నీ రెండు కొసల్లో పోగయ్యాయి. గ్రంథాన్ని పైకి తీయడానికి వేళ్ళు పట్టేంత ఖాళీ ఆ కొసల్లో ముందే ఉంది. పట్టీ ముడి కూడా అక్కడే కూర్చుంది.

దిమ్మని నా చేతిలో పెట్టింది. మీరు పెట్టండి అత్తయ్యా అంది. లోపల మీకే తెలుసు అంది.

పెట్టాను. పెట్టె అంచు వేలికి తగిలింది, గుడ్డ తగిలింది, ఆపైన దిమ్మ నా చేతిలోంచి వెళ్ళిపోయింది. నేను తొయ్యలేదు. తనే దిగింది, నిద్రలోకి జారినట్టు. బొయెన్ మూత పెట్టి చేతులు తీశాడు. లోపలి గాలి మెల్లగా బయటికి వచ్చేదాకా మూత ఆగి ఆగి కిందికి వెళ్ళింది. చివర్లో చిన్న ఊపిరి చప్పుడు.

గుమాస్తా మూత తీయించి, మళ్ళీ వేయించి, మళ్ళీ తీయించాడు. మూడోసారి కేవలం ఆ చప్పుడు వినడానికే.

ఈ మడత ఎవరు నేర్పారమ్మా అని సాంగ్‌యెని అడిగాడు. ఎవరూ లేరండీ, అన్నం అంది.

టీ రెండు గిన్నెలు తాగాడు. వెళ్తూ వెళ్తూ మడత ఎలాగో రాసిపెట్టుకుంటానన్నాడు. రాజధానిలో విప్పినవాళ్ళు మళ్ళీ చుట్టగలగాలి కదా అని. సాంగ్‌యె చెబుతుంటే రాసుకున్నాడు. మా ఇంట్లో నుంచి అంతఃపురానికి వెళ్ళే మొదటి రాత ఆమెది. చదవడం రాని మనిషిది.


ఇరవయ్యో తేదీ

పెట్టె పడవెక్కింది. రేవు దాకా వెళ్ళాం. నాకు కనిపించింది ఎర్రటి చుక్క ఒకటి, ఆపైన నీళ్ళు. చాలు. బొయెన్ వీపు నిమిరాను. దెబ్బలు లేని వీపు, చెమట పట్టి, బతికి ఉన్న వీపు. దానికి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక వానకి, గుమాస్తా ముక్కుకి, జిగురుబియ్యానికి వరసగా పెట్టాను.


ఆరో నెల, నాలుగో తేదీ

పక్కింటావిడ ఉత్తరంతో వచ్చింది. మందుల కొట్టు ఆయన చదివితే ఏడుపు రావడం లేదట, ధర చెప్పినట్టు చదువుతాడట. నాకు కనబడదు అన్నాను. తెలుసు అంది.

సాంగ్‌యెని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె అక్షరాన్ని చూసి ఆకారం చెబుతుంది, నా అరచేతిలో వేలితో గీస్తుంది. పైన మూత, కింద అడ్డంగా మూడు, పక్కన కాలు చాచిన మనిషి. నేను చదువుతాను. అరిగిన చెయ్యి అయినా గీత తెలుస్తోంది. ఒక ఉత్తరానికి మధ్యాహ్నమంతా పట్టింది. పక్కింటావిడ మూడుసార్లు ఏడ్చింది, తృప్తిగా వెళ్ళింది. సాంగ్‌యెకి పదకొండు అక్షరాలు వచ్చాయి.

సర్కారు ఉత్తరాలు చదవనని ముద్ర వేశాను. పక్కింటావిడ సర్కారు కాదు.


ఆరో నెల, పంతొమ్మిదో తేదీ

నిన్న మూడు కాగితాలు రాశాను, వేలు పక్కన పెట్టుకుని, వరస తప్పకుండా. నలభై ఎనిమిదేళ్ళలో రాయాల్సినవన్నీ కలిపి రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది.

కుంచెలో సిరా లేదట. ఈ రోజు సాంగ్‌యె చూసి చెప్పింది. మూడూ తెల్లగా ఉన్నాయి అత్తయ్యా, ఏం రాశారు అంది.

నీ గురించే అన్నాను.

మళ్ళీ రాయరూ అంది.

ఒకసారి రాశాను కదా అన్నాను.

ఆ మూడూ తీసి ఎక్కడో దాచింది. ఆమె బట్టల పెట్టె మూత పడిన చప్పుడు వినిపించింది.